ఈ ఆదివారం పులుసు మీరే పెట్టండి

ప్రశ్న: మాది ఒంగోలు, ఉద్యోగం నెల్లూరులో. పెళ్లయి పది నెలలైంది. మా ఆవిడది కావలి దగ్గర పల్లె. వాళ్లింట్లో చేపల పులుసు పల్చగా, అన్నంలో బాగా కలిసేలా పెడతారు. మా ఇంట్లో చిక్కగా ఉంటుంది. నెలన్నర కిందట ఒక ఆదివారం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, 'మా అమ్మ పెడితే ఇంకాస్త చిక్కగా ఉంటుంది' అన్నాను. వేరే ఉద్దేశం లేదు. ఆమె ఏమీ అనలేదు. తర్వాతి ఆదివారం చేపలు తెస్తానంటే, 'అంత చిక్కంగా కావాలంటే మీరే పెట్టుకోండి సామీ' అంది. సరేనని దిగాను. ముక్కలన్నీ విరిగి ముద్దయ్యాయి. పులుసు చేదొచ్చింది. వంటిల్లంతా రెండు రోజులు నీచు వాసన. ఆమె నవ్వింది కానీ తినలేదు. మాటామంతీ బాగానే ఉంది, చేపలు మాత్రం లేవు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం కోడికూరే. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకుడు, నెల్లూరు

సమాధానం:

ఆవిడ నవ్విందని రాశారు చూడండి, అది మంచి కబురు. నిజంగా మనసు విరిగినవాళ్లు నవ్వరు, గిన్నె పక్కన పెట్టేసి వెళ్లిపోతారు. తినలేదన్నది మాత్రం పట్టించుకోవాల్సిన సంగతే.

అలక మన వైపు కొత్తేమీ కాదు. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని తెలిసి ఆదిలక్ష్మి అమ్మవారు అలిగి ఏటి అవతలికి వెళ్లిపోయిందని పెంచలకోన స్థలపురాణం చెబుతుంది. ఆమె గుడి ఇప్పటికీ విడిగానే ఉంది. మీ ఆవిడ పక్కగదిలోనే ఉంది. అంత దూరం పోలేదు కాబట్టి పని తేలికే.

మీరు అన్న మాటలో తప్పు 'చిక్కగా' అన్నది కాదు. రుచి ఎవరిది వాళ్లది, చెప్పుకోవచ్చు. మొదటి ముద్దకే చెప్పడం ఒక పొరపాటు, ఇద్దరి మధ్య జరిగే మాటలోకి మూడో మనిషిని తేవడం రెండోది. చేపల పులుసు పెట్టిన మనిషి పొద్దున్నుంచీ ఆ వాసనలోనే ఉంటుంది. చేతులకు నీచు, కళ్లకు ఉల్లిపాయ ఘాటు, మెడ మీద చెమట. మొదటి ముద్ద మీరు నోట్లో పెట్టుకున్నప్పుడు ఆవిడ చూసేది మీ ముఖమే. ఆ క్షణంలో మీ అమ్మగారు వచ్చి ఆ పళ్లెం ముందు కూర్చున్నారు. మీకు అది జ్ఞాపకం. ఆవిడకు అది తీర్పు.

ఆ తర్వాతి ఆదివారం మీరు వంటకు దిగడం మంచి పనే. కానీ ఏ పులుసు పెట్టబోయారు? మీ అమ్మగారి చిక్కటి పులుసే కదా? అది అద్భుతంగా కుదిరి ఉంటే ఇంకా చిక్కు వచ్చేది. 'చూశావా, ఇట్టా ఉండాలి' అని మీరు నోటితో అనకపోయినా గిన్నె అనేది. అది చెడిపోవడం మీ అదృష్టమనే అనుకోండి. ఈసారి మీరు పెట్టాల్సింది ఆవిడ పుట్టింటి పల్చటి పులుసు. ఈ ఉత్తరానికి అసలు జవాబు ఇదే. మిగతాదంతా అది ఎలా పెట్టాలన్నదే.

శనివారం సాయంత్రం ఆవిడను రెండే ప్రశ్నలు అడగండి. 'మీ ఇంట్లో చింతపండు ఎంత వేస్తారు, మామిడికాయ ఎప్పుడు వేస్తారు?' ఆవిడ చెప్పింది కాగితం మీద రాసుకోండి. క్షమాపణ కూడా అప్పుడే, ఒక్క ముక్కలో. 'ఆ రోజు అన్నం దగ్గర అట్టా అనకుండా ఉండాల్సింది' అని ఆపేయండి. 'కానీ నా ఉద్దేశం' అని తోక తగిలిస్తే మొదటికొస్తుంది. మీ అమ్మగారికి ఫోన్ చేసి కోడలికి సర్దిచెప్పమని మాత్రం అడగొద్దు. మీరు తెచ్చిన మూడో మనిషిని మీరే వెనక్కి పంపాలి గానీ మళ్లీ పిలవకూడదు.

శనివారం రాత్రే ఇంకో పని ఉంది. వంటింట్లో నిలబడి పసుపు, ధనియాల పొడి, మెంతులు, రాళ్లుప్పు, పెద్ద కత్తి, మసిగుడ్డ ఏ డబ్బాలో, ఏ అరలో ఉన్నాయో చూసుకోండి. మగవాళ్లు వంట చేసే ఆదివారాలు చెడేది సాధారణంగా ఇక్కడే. 'జీలకర్ర ఎక్కడుంది? ఇది కారమా, సాంబారు పొడా? మంట ఇంత చాలా?' అని పావుగంటలో పది కేకలు వేస్తే ఆవిడ కూర్చున్నచోట కూర్చునే వంట చేస్తున్నట్టు. అంతకంటే లేచి వచ్చి తనే చేసుకోవడం నయమనిపిస్తుంది.

ఇప్పుడు చేప. పొద్దున ఆరున్నరకల్లా మార్కెట్లో ఉండండి. కొత్తగా పులుసు పెట్టేవాళ్లకు కొరమీను మంచిది. కండ గట్టి, ముళ్లు తక్కువ, ముక్క త్వరగా విరగదు. అది గాలి పీల్చుకునే చేప కాబట్టి తొట్లలో బతికుండగానే అమ్ముతారు, తాజాదనం మీద అనుమానం అక్కర్లేదు. ధర ఎక్కువ అనుకుంటే శీలావతి, బొచ్చె తీసుకోవచ్చు గానీ వాటి కండ మెత్తన, పోయినసారి మీ ముక్కలు విరగడానికి అదీ ఒక కారణమై ఉంటుంది. సముద్రపు చేపల్లో వంజరం పులుసుకు బాగుంటుంది. అయితే తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలల్లో దొరికే సముద్రపు చేప చాలావరకు ఐసులో ఎన్నాళ్లుగానో ఉన్నది. మామిడికాయ దొరికే కాలమూ అదే కాబట్టి, మామిడికాయ పులుసుకు చెరువు చేపే సరి.

చచ్చిన చేప కొంటే మొప్ప ఎత్తి చూడండి. ఎర్రగా, తడిగా ఉండాలి. గోధుమ రంగుకు తిరిగితే వద్దు. కన్ను ఉబ్బి, నిగనిగలాడాలి. వేలితో కండ నొక్కితే గుంట వెంటనే పూడాలి. కిలో చేప కొంటే కడిగాక దాదాపు 700 గ్రాముల ముక్కలొస్తాయి, ఇద్దరికి రెండు రోజులకు సరిపోతాయి. 'పులుసు ముక్కలు, బొటనవేలంత మందం' అని చెప్పండి. సన్నగా కోస్తే మరిగేసరికి విడిపోతాయి. తలకాయ రెండుగా చేసి, మొప్పలు తీసెయ్యమనండి. పొట్ట కోసేటప్పుడు కాలేయం దగ్గరుండే ఆకుపచ్చటి చిన్న తిత్తి చిట్లితే ఆ చుట్టుపక్కల కండంతా చేదెక్కుతుంది. అక్కడే నిలబడి చూడండి, చిట్లితే ఆ ముక్కలు పక్కన పెట్టించండి.

ఇంటికొచ్చాక కడగడం మీ పనే. పొట్ట లోపల నల్లటి పల్చటి పొర ఉంటుంది, వెన్నుముల్లు పక్కన గడ్డకట్టిన నెత్తురు ఉంటుంది. నీచు వాసన ఎక్కువగా వచ్చేది ఈ రెంటి నుంచే. పొరను వేలితో రుద్ది తీసెయ్యండి, నెత్తురు కత్తి మొనతో గీకండి. తర్వాత గుప్పెడు రాళ్లుప్పు, చెంచా పసుపు వేసి ముక్కలను మెల్లగా రుద్ది, మూడు నీళ్లు కడగండి. కొరమీను చర్మం జారుడుగా ఉంటుంది, ఉప్పు వేసి రుద్దితే ఆ జిగురు పోతుంది. నీళ్లు పూర్తిగా వాడ్చి, అర చెంచా ఉప్పు, అర చెంచా కారం, చిటికెడు పసుపు పట్టించి అరగంట పక్కన పెట్టండి.

700 గ్రాముల ముక్కలకు ఇవి చాలు: చింతపండు 60 గ్రాములు, అంటే పెద్ద నిమ్మకాయ కంటే కాస్త పెద్ద ఉండ. పుల్లటి మామిడికాయ ఒకటి వేస్తుంటే 40 గ్రాములకు తగ్గించండి. ఉల్లిపాయలు రెండు, టమాటాలు రెండు, పచ్చిమిర్చి ఐదు, వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు, కరివేపాకు రెండు రెమ్మలు, కారం రెండు పెద్ద చెంచాలు, ధనియాల పొడి ఒకటిన్నర, పసుపు అర చిన్న చెంచా, నూనె ఆరు పెద్ద చెంచాలు. నువ్వుల నూనె అయితే రుచి వేరు, లేకుంటే వేరుశనగ నూనె. నూనె తగ్గించి ఆరోగ్యం చూసుకోవాలనుకుంటే చేపల పులుసు దగ్గర కాదు, వేరే రోజు చూసుకోండి. విడిగా ఒక చిన్న చెంచా జీలకర్ర, అర చెంచా మెంతులు, అర చెంచా ఆవాలు సన్నమంట మీద వేయించి పొడి కొట్టి పెట్టుకోండి. మెంతులు బంగారు రంగు దాటి ఎర్రబడ్డాయంటే పారేసి మళ్లీ వేయించండి. పోయినసారి చేదు రావడానికి తిత్తి కారణం కాకపోతే మాడిన మెంతులే.

చింతపండును గోరువెచ్చటి నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, పిసికి, వడగట్టి, మొత్తం నాలుగు గ్లాసుల పులుసు, అంటే 800 మిల్లీలీటర్లు, తియ్యండి. మీ అమ్మగారి చిక్కదనానికి మూడు గ్లాసులే సరిపోతాయి. ఈసారి నాలుగే పోయండి.

మట్టి చట్టి ఉంటే అందులోనే పెట్టండి. కొత్తదైతే ఆదివారం పొద్దున కొనుక్కొచ్చి పొయ్యి మీద పెడితే పగులుతుంది. ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, ఎండబెట్టి, లోపల నూనె రాసి, సన్నమంట మీద గంజి కాచి పారబొయ్యాలి. రెండుసార్లు చేస్తే మట్టివాసన పోతుంది. ఇండక్షన్ పొయ్యి మీద మట్టి చట్టి వేడెక్కదు, గ్యాసు కావాల్సిందే. చట్టి లేకపోతే వెడల్పాటి మందపు స్టీలు గిన్నె మంచిది. అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి వద్దు, చింతపండు పులుపుకు ఆ లోహం పులుసులోకి దిగుతుంది.

చట్టి సన్నమంట మీద మెల్లగా వేడెక్కాక నూనె పోసి, పావు చెంచా మెంతులు, ఆవాలు, దంచిన వెల్లుల్లి, కరివేపాకు, పచ్చిమిర్చి వెయ్యండి. సన్నగా తరిగిన ఉల్లిపాయ మెత్తబడేదాకా ఆగాలి, ఎర్రగా వేగనక్కర్లేదు. టమాటా వేసి, ఉదయగిరి చెక్క గరిటె వంటిది ఉంటే దాని వెనకవైపుతో మెదపండి. ముద్ద నుంచి నూనె విడివడేదాకా, పది నిమిషాలు పట్టినా సరే, ఆగండి. చాలామంది తొందరపడేది ఇక్కడే. తర్వాత పసుపు, కారం, ధనియాల పొడి వేసి అర నిమిషం తిప్పి, వెంటనే చింతపండు పులుసు పొయ్యండి. అర నిమిషం దాటితే కారం మాడుతుంది. రాళ్లుప్పు ఒకటిన్నర చిన్న చెంచా. ముక్కలకు పట్టించినదీ ఉంది కాబట్టి మిగతాది చివర్లో రుచి చూసి వేసుకోండి.

మూత లేకుండా పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు మరగనివ్వండి. చింతపండు పచ్చివాసన పోయి, అంచుల వెంట ఎర్రటి నూనె తేలాలి. మామిడికాయ టెంకతో సహా పెద్ద ముక్కలుగా కోసి ఇప్పుడు వేసి, రెండు నిమిషాలు ఆగి చేప ముక్కలు ఒక్కొక్కటిగా, ఒకదాని మీద ఒకటి పడకుండా జార్చండి. తలకాయ ముందు, తోక చివర.

ఇక గరిటె దూరంగా పెట్టేయండి. మీ ముక్కలు ముద్దవ్వడానికి అసలు కారణం గరిటే అయి ఉంటుంది. చేప కండ పొరలు పొరలుగా ఉంటుంది, ఆ పొరలను అంటిపెట్టుకున్న పల్చటి బంధనం వేడికి కరిగిపోతుంది. గరిటె తగిలితే పొరలు ఎక్కడికక్కడ జారిపోతాయి. కలపాలనిపిస్తే మసిగుడ్డతో చట్టి అంచులు రెండు వైపులా పట్టుకుని ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మెల్లగా తిప్పండి. పులుసు ముక్కల మీదికి అదే ఎక్కుతుంది. మధ్యస్థం మంట మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు. మట్టి చట్టి పొయ్యి కట్టేసినా చాలాసేపు కుతకుతమంటూనే ఉంటుంది, కాబట్టి ఎనిమిదికే ఆపండి. వేయించిన పొడి ఒక చెంచా చల్లి, కొత్తిమీర వేసి, మూత ఓరగా పెట్టి వదిలెయ్యండి.

కనీసం రెండు గంటలు దాన్ని ముట్టుకోవద్దు. పదకొండున్నరకు దించితే ఒంటిగంటన్నరకు భోజనం. ముక్క లోపలికి ఉప్పూ పులుపూ దిగేది ఈ వ్యవధిలోనే. పొయ్యి మీంచి నేరుగా పళ్లెంలో పోసుకుంటే పులుసు వేరు, ముక్క వేరు అన్నట్టుంటుంది.

ఆ రెండు గంటలూ మీకు తీరిక కాదు. పోయినసారి వాసన రెండు రోజులు ఉండడానికి పులుసు కారణం కాదు, పులుసు తర్వాత మిగిలిపోయిన పని కారణం. చేప వ్యర్థాలు కవర్లో ముడివేసి అప్పటికప్పుడు ఇంటి బయటికి పోవాలి, సింకు కింద బుట్టలోకి కాదు. చెత్తబండి వెళ్లిపోయి ఉంటే రెండు కవర్లలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి మర్నాడు పొద్దున ఇవ్వండి. చేప తగిలిన గిన్నెలు, కత్తి, పీట ముందు చన్నీళ్లతో కడిగి, తర్వాతే సబ్బు, వేడినీళ్లు. వేడినీళ్లు ముందు పోస్తే ఆ జిగురు ఉడికి గిన్నెకు అంటుకుంటుంది. చేప వాసన పులుపుకు లొంగుతుంది. పిసికి పారేసే చింతపండు పిప్పి ఉంది కదా, దానితో చేతులు, పీట, సింకు గొట్టం మూత రుద్దండి. పొయ్యి వెనక గోడ మీద నూనె చుక్కలు తుడవండి. మసిగుడ్డ ఉతికి ఆరెయ్యండి. మట్టి చట్టి ఖాళీ అయ్యాక సబ్బు పెట్టొద్దు, మట్టి సబ్బును పీల్చుకుని తర్వాతి పులుసులో వదులుతుంది. శనగపిండీ వేడినీళ్లతో కొబ్బరిపీచు పెట్టి తోమి ఎండలో పెట్టాలి. చట్టి చల్లారాకే నీళ్లు పొయ్యండి, వేడి చట్టిలో చన్నీళ్లు పోస్తే పగులుతుంది.

ఇదంతా ఎందుకు ఇంత పట్టి చెప్పాల్సి వచ్చిందంటే, 'ఈరోజు వంట నాది' అన్న మగవాళ్లలో చాలామందికి వంటంటే పొయ్యి దగ్గర గంట. ముందు గంటా, వెనక గంటా ఆవిడకే మిగులుతాయి. అట్లాంటి సాయం వద్దనే ఎవరైనా అంటారు. ఆవిడ 'మీరే పెట్టుకోండి' అన్నప్పుడు ఏ పనిని వదిలేసిందో మీ చేతికి తెలియాలంటే మూడు గంటలూ చెయ్యాల్సిందే.

వడ్డన దగ్గర ఒక చిన్న సంగతి. ఆవిడకు ఏ ముక్క ఇష్టమో మీకు తెలుసా? తలకాయా, పొట్ట ముక్కా, తోకా? పది నెలల్లో ప్రతి ఆదివారం ఆవిడ వడ్డిస్తే మీ పళ్లెంలోకి నడిమి ముక్కలు వచ్చి, తోకలు ఆవిడ పళ్లెంలో పడి ఉండొచ్చు. అది ఆవిడ ఇష్టమో, మిగిలింది తీసుకోవడమో ఒకసారి గమనించండి. తెలియకపోతే గిన్నె ఆవిడ ముందుకు జరిపి, 'నీకు కావాల్సింది ముందు వేసుకో' అనండి. పాత బియ్యం అన్నం, వేడిగా ఉండాలి, పులుసు వేడిగా ఉండనక్కర్లేదు. ఆవిడ మొదటి ముద్ద తినేటప్పుడు ముఖంలోకి చూస్తూ 'ఎట్టుండాది?' అని అడగొద్దు. తిననివ్వండి.

ఉప్పు తక్కువైందనో, పులుపు ఎక్కువైందనో ఆవిడ అంటుంది, అననివ్వండి. బదులుగా 'వచ్చేసారి సరిచేస్తా' అంటే చాలు. మీకు ఏదైనా చెప్పాలనిపించే రోజులూ వస్తాయి. పళ్లెం ఎత్తాక, ఇంకా మంచిది మర్నాడు పొద్దున, ఒక్క సంగతే, ఎవరి పేరూ లేకుండా చెప్పండి. 'ఇంకో ఐదు నిమిషాలు మరగనిస్తే నాకు ఇష్టం' అన్నది కోరిక. మీరు ఆ రోజు అన్నది పోలిక. కోరిక ఎవరికైనా తీర్చబుద్ధవుతుంది.

మిగిలిన పులుసు చల్లారగానే గాజు గిన్నెలోకో స్టీలు గిన్నెలోకో తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లటి కాలంలో పెద్దవాళ్లు రాత్రంతా చట్టిలోనే ఉంచేవాళ్లు గానీ, మన ఎండల్లో అట్లా ఉంచొద్దు. సోమవారం పొద్దున కావాల్సినంతే తీసి ఒక్కసారి మరిగించండి, గిన్నె మొత్తం మళ్లీ మళ్లీ కాచొద్దు.

మూత తీసి చూడండి. చేప చర్మం, ముళ్లలోని జిగురు రాత్రంతా పులుసులోకి దిగి, చల్లదనానికి పులుసు గడ్డపెరుగులా బిగుసుకుని ఉంటుంది. మరిగిస్తే కరిగినా నిన్నటి కంటే చిక్కగానే నిలుస్తుంది. మీ అమ్మగారి పులుసని మీకు గుర్తున్నది సోమవారం పొద్దుటి పులుసే అయినా కావచ్చు, మిగిలిందే మర్నాడు పిల్లల టిఫిన్‌లోకి వేసే ఇళ్లు మన వైపు బోలెడు. ఒకే చట్టిలో ఆదివారం మధ్యాహ్నం ఆవిడ పులుసు, సోమవారం పొద్దున మీ పులుసు. దోసెలు మీరే పొయ్యండి, ఆవిడ ఆఫీసుకో పనికో బయల్దేరేలోపు రెండు పళ్లెంలో ఉండేలా. చిక్కదనం సంగతి మీరు ఎత్తొద్దు. దోసె ముక్క తుంచి పులుసులో అద్దుకుంటే ఆవిడే చూస్తుంది.